ఎర్రన్న మరియు మరొక వ్యక్తి

మొగుణ్ణీ మరిదినీ నరికి చంపిన కేసు హైకోర్టులో అప్పీలుకి వచ్చిన రోజున, సుభద్రమ్మ గజపతినగరంలో రైలెక్కి, విజయవాడలో దిగి, రెండు ఆటోలు మారి కోర్టు చేరుకుంది. ఆ చావులు కళ్ళారా చూసిన మనిషి ఆవిడొక్కతే. తీరా చేరాక తెలిసిందేమిటంటే, ఆ కోర్టులో ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు. సాక్షుల్ని బోనెక్కించడం, ప్రమాణం చేయించడం అన్నీ విజయనగరం కోర్టులోనే అయిపోయాయట. ఇక్కడ కాగితాలే మాట్లాడతాయట, మనుషులు కాదట.

"మరైతే నానెందుకమ్మా ఇంత దూరం?" అంది సుభద్రమ్మ.

"రావద్దనే చెప్పానండీ. మీరే వినలేదు," అంది లాయరు అనూరాధ. విజయనగరంలో పుట్టి పెరిగిన పిల్ల. సర్కారు వకీలుకి సాయంగా సుభద్రమ్మ తరఫున నిలబడింది. "వెనక బల్ల మీద కూర్చోండి. ఏం విన్నా సరే, మధ్యలో మాత్రం లేవకండి."

సుభద్రమ్మ కూర్చుంది. కూర్చుంది గానీ లోపల ఎసరు మరుగుతూనే ఉంది. కోపం ఆవిడకి కొత్త కాదు. కాపరానికి వచ్చిన కొత్తలోనే అత్త కూర్మమ్మ, "దీని కోపం ముక్కు మీదే ఉంటాది" అనేది. ఆ రోజుల్లో కోపమొస్తే వంటింట్లో గిన్నెలు మోగేవి, అన్నం ఉడికే లోపు చల్లారేది. ఏడేళ్ళ కిందట చెరువు గట్టు మీద వచ్చిన కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

వాళ్ళది గోగులవలస. ఊరి చెరువుకి రెండు మదుములు, అంటే తూములు. పెద్ద మదుం కింద పెద్దింటివాళ్ళ మళ్ళు, చిన్న మదుం కింద చిన్నింటివాళ్ళ మళ్ళు. రెండిళ్ళూ ఒకే తాత సంతానం. పొలం పంచిన తాత నీళ్ళు పంచడం మరిచిపోయాడు, ఆ మరుపుకి మనవలు తన్నుకున్నారు. పెద్దింటికి పెద్ద నరసింగరావు. ఊరు ఆయన్ని పేరు పెట్టి పిలవదు, పెదనాయుడు అంటుంది. మనం పేరుతోనే పిలుద్దాం, మనకేం మొహమాటం. చిన్నింట్లో సుభద్రమ్మ మొగుడు ధర్మారావు, ఇంకా పెళ్ళి కాని అతని తమ్ముడు ఉపేంద్ర. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వరి పొట్ట మీదుంది. ఊరి పెద్దలు నీళ్ళకి వంతులు పెట్టారు. చిన్న మదుం వంతు వచ్చేసరికి నరసింగరావు ఇసక బస్తాలు వేయించి దాని నోరు మూయించాడు. తెల్లారగట్ల అన్నదమ్ములిద్దరూ బస్తాలు తీయడానికి వెళ్ళారు. వెనకాలే రాగులతో కాచిన చోడంబలి కేరేజీ పట్టుకుని సుభద్రమ్మ బయల్దేరింది.

ఆవిడ గట్టెక్కేసరికి ధర్మారావు మోకాటిలోతు నీళ్ళలో వంగి బస్తా లాగుతున్నాడు. నరసింగరావు వెనక నుంచి వచ్చి మెడ మీద కత్తి వేశాడు. అన్నని లేవదీయబోయిన ఉపేంద్రని ఎర్రన్న గునపంతో తల మీద కొట్టాడు. ఎర్రన్న పెద్దింటి కంబారి, ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. పని ముగించి నరసింగరావు తలెత్తి గట్టు మీదికి చూశాడు. చూడగానే సుభద్రమ్మ పమిట తల మీదికి లాక్కుంది. బావ వరస మనిషి ఎదురుపడితే అలా లాక్కోవడం పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. మొగుడు నీళ్ళలో కొట్టుకుంటూ ఉంటే, చంపినవాడికి తన చెయ్యి మర్యాద చేసింది. ఆ చేతిని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

పోలీస్ స్టేషన్‌కి మాజీ సర్పంచి తిరుమలరావు తన బండి మీద తీసుకెళ్ళాడు. హెడ్ కానిస్టేబులు కాగితం ముందు పెట్టుకుని, ఎవరు చంపారని అడిగాడు.

"మా బావ. పెద్దింటి బావ. ఆలింటి కంబారి ఎర్రన్న."

"బావంటే ఏ బావమ్మా? మీ ఊళ్ళో సగం మంది బావలే. పేరు చెప్పు."

అక్కడ సుభద్రమ్మ నోరు ఆగిపోయింది. ఆ ఇంటి కోడళ్ళు మొగుడి పేరు, మామ పేరు, బావల పేర్లు పలకరు. ఇది భయం కాదు, భక్తి కూడా కాదు. చిన్నప్పటి నుంచి ఎడమచేత్తో అన్నం తినని మనిషి ఎంత ఆకలేసినా కుడిచెయ్యే చాచినట్టు, ఆ పేరు దగ్గరకొచ్చేసరికి నాలుక పక్కకి తిరిగిపోతుంది, అంతే. బావ పేరులో నరసింహుడున్నాడని సుభద్రమ్మ సింహాచలం దేవుణ్ణి కూడా ఏనాడూ నరసింహస్వామి అనలేదు, అప్పన్న అనే అంది. రేషన్ షాపులోనైనా, బ్యాంకులోనైనా మగవాళ్ళ పేరు అడిగితే ఆడది పక్కనున్న మనిషి వంక చూస్తుంది, ఆ మనిషి పేరు అందిస్తాడు. ఆ వైపు ఊళ్ళన్నిటికీ తెలిసిన పద్ధతే. ఆ రోజు కూడా సుభద్రమ్మ తిరుమలరావు వంక చూసింది. రెండుసార్లు నరసింగరావు చలవతో సర్పంచి అయిన తిరుమలరావు గోడ మీదున్న కేలండరు వంక చూశాడు.

హెడ్ కానిస్టేబులు "ఎర్రన్న మరియు మరొక వ్యక్తి" అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. అతను అమ్ముడుపోయాడంటే మనసుకి కొంత సులువుగా ఉండేది. అదేం లేదు. డ్యూటీ దిగే వేళయింది, ఇంటికెళ్ళాలి, అంతే. మూడో రోజున ఇనస్పెక్టరు ఇంటికొచ్చి అడిగినప్పుడు పక్కనే కూర్మమ్మ ఉంది. కూర్మమ్మకి వాడు మామ వరసా కాదు, బావ వరసా కాదు, మొగుడి అన్న కొడుకు. ఆవిడ నోటికి అడ్డేముంది, నరసింగరావని చెప్పేసింది. అలా మూడు రోజులు ఆలస్యంగా ఆ పేరు కాగితం మీదికెక్కింది. విజయనగరం జడ్జి సుభద్రమ్మని నమ్మి ఇద్దరికీ యావజ్జీవం వేశాడు. ఆ శిక్ష చెల్లదని ఇద్దరూ హైకోర్టుకొచ్చారు.

ముద్దాయిల వకీలు లేచాడు. నెరిసిన జుట్టు, నిదానమైన గొంతు. ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి, తర్వాత ఆ మొదటి కాగితాన్ని తెలుగులోనే చదివాడు. "ఎర్రన్న మరియు మరొక వ్యక్తి." సొంత బావని, ఒకే వీధిలో ఉండే మనిషిని, ఏళ్ళ తరబడి చూస్తున్నవాణ్ణి ఏ ఆడదైనా మరొక వ్యక్తి అంటుందా అన్నాడు. చూసినవాడి పేరు ఆ గంటలోనే చెప్పింది, అది ఎర్రన్న. చూడనివాడి పేరు మూడో నాడు, ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకున్నాక చెప్పింది, అది నరసింగరావు. ఇదీ ఆయన వాదన.

అనూరాధ లేచి ఆచారం సంగతి చెప్పింది. ఇద్దరు జడ్జిల్లో పెద్దాయన ఓపిగ్గానే విన్నాడు. విని, "ఈ మాట సాక్ష్యంలో ఎక్కడుందమ్మా?" అన్నాడు.

ఎక్కడా లేదు. విజయనగరంలో, మొదటిరోజు పేరు చెప్పలేదు కదా అని అడిగితే సుభద్రమ్మ "సెప్పినాను" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆవిడ లెక్కలో చెప్పినట్టే. పెద్దింటి బావ అంటే ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. ఎందుకు పేరుతో చెప్పలేదని అడిగినవాడు లేడు, అడగని సంగతి కోర్టులో చెప్పాలని ఆవిడకి తెలీదు.

అప్పుడు ముద్దాయిల వకీలు నవ్వుతూ ఇంకో కాగితం తీశాడు. "ఈవిడే విజయనగరం కోర్టులో, నరసింగరావు నా భర్తని కత్తితో నరికాడు అని స్పష్టంగా చెప్పింది. అక్కడ లేని ఆచారం పోలీస్ స్టేషన్‌లో ఎక్కడి నుంచి వచ్చింది?"

సుభద్రమ్మ లేచి నిలబడింది. "నాను ఆ పేరు సెప్పనేదు బావూ. ఏలెట్టి సూపించినాను. ఆలే పేరు రాసుకున్నారు."

హాలంతా వెనక్కి తిరిగింది. బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. పెద్ద జడ్జి కసరలేదు. "కూర్చోమ్మా, మీ లాయరు చెబుతున్నారుగా," అన్నాడు మెత్తగా. కసిరినా బాగుండేది. చెప్పిన చోట చెప్పలేదని రాశారు, చెప్పని చోట చెప్పినట్టు రాశారు, నిజం చెప్పడానికి మనిషి లేచి నిలబడితే కూర్చోమంటున్నారు. ఇదేం ధర్మమో ఆవిడకి అర్థం కాలేదు. ఈ రాసే నాకూ అర్థం కాలేదు.

బయట మెట్ల మీద అనూరాధ ఫైలు సర్దుకుంటూ ఉంటే సుభద్రమ్మ అడిగింది. "ఆ ముసలి లాయరు ఎవలోడు?"

"ఇద్దరు ముద్దాయిలకీ ఆయనేనండీ. నరసింగరావే పెట్టించాడు."

"ఇద్దరికీ ఆయనే అయితే, ఎర్రన్న పీక ఎందుకు కోసీసినాడు? ఆడొక్కడే కొట్టినాడని ఆయనే అన్నాడు గదా."

అనూరాధ ఫైలు తాడు ముడేసింది. "ఒకణ్ణి ఒడ్డెక్కించాలంటే ఇంకొకణ్ణి మునగనివ్వాలి," అంది చివరికి. "ఆయన ఏ కక్షిదారుణ్ణి కాపాడుతున్నాడో జడ్జిలకీ అర్థమయ్యే ఉంటుంది. పాపం ఆ ఎర్రన్న తరఫున వేరే వకీలుంటే ఈ మాట అననిచ్చేవాడు కాదు."

"ఆణ్ణి పాపం అనకు. మా మరిది బుర్ర పగలగొట్టినాడు." సుభద్రమ్మ రెండు మెట్లు దిగి ఆగింది. "నరసింగరావు," అంది. అదీ రెండు ముక్కలుగా వచ్చింది. మళ్ళీ అంది. "నరసింగరావు. నా మొగుణ్ణి నరసింగరావు సంపినాడు. ఇంతేనా? ఈ ఒక్క ముక్క కోసవేనా ఇదంతా?"

"ఇంతేనండీ," అంది అనూరాధ. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తీర్పు తర్వాత చెబుతామన్నారు. సుభద్రమ్మ ఊరొచ్చింది. వచ్చిన నాటి నుంచి ఆవిడ నోటికి తాళం లేదు. కుళాయి దగ్గర, మొక్కజొన్న చేలో, ఉపాధి పనిలో, ఎక్కడ మాట కలిసినా నరసింగరావు అనేది. పెదనాయుడు కాదు, బావ కాదు. ఆడవాళ్ళు గతుక్కుమనేవాళ్ళు. ఒకరిద్దరు నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. పెద్దకోర్టు గాలి తగిలి దానికి మతి చెడిందని తిరుమలరావు రచ్చబండ మీద చెప్పుకొచ్చాడు. మతి ఇన్నాళ్ళకి బాగుపడిందని ఆయనకి తెలీదు.

కూర్మమ్మకి మాత్రం మింగుడు పడలేదు. ఒకరోజు అన్నం దగ్గర, "ఒసే సుభద్రా, ఎన్నున్నా ఆడు నీకు బావ వరస. పెద్దంతరం సిన్నంతరం సూసుకోవాల," అంది.

"ఆ అంతరమే గదత్తా నీ ఇద్దరు కొడుకుల్ని తినీసింది." సుభద్రమ్మ గరిట కింద పెట్టింది. "ఆ యేల స్టేషన్లో నా నోట ఆ పేరు రాకుండా ఆపినోలు ఎవలు? పోలీసోడా? నువ్వు. కాపరానికొచ్చిన మూడో దినం నన్ను కూకోబెట్టి, బావల పేర్లు పలికితే ఇంటికి అరిష్టం అన్నావు. పలకనేదు. అరిష్టం తప్పినాదేటి?"

కూర్మమ్మ కంచంలో చెయ్యి అలాగే ఉంచింది. కొడుకులిద్దరూ పోయిన నాడు ఊరు అదిరేట్టు ఏడ్చిన మనిషి, ఇప్పుడు చప్పుడు లేకుండా ఏడ్చింది. సుభద్రమ్మ ఓదార్చలేదు. తన కోపానికి తనే సిగ్గుపడింది గానీ అన్నమాట వెనక్కి తీసుకోలేదు, అది నిజమైన మాట కాబట్టి.

తీర్పు రాకముందే ఆవిడ ఇంకో పని చేసింది. ఏడేళ్ళుగా ముఖం చూడని మనిషి గుమ్మం ముందుకెళ్ళింది. అది ఎర్రన్న పెళ్ళాం రాజకుమారి ఇల్లు. రాజకుమారి వాకిట్లో గోగునార దులుపుతోంది. సుభద్రమ్మని చూసి లేచి నిలబడింది గానీ కూర్చోమనలేదు.

"నీ మొగుడి మీద జాలితో రానేదు," అంది సుభద్రమ్మ. "ఆడు సేసిన పనికి ఆడు కుళ్ళాల్సిందే. కానీ ఒక సంగతి నా సెవుల్తో ఇన్నాను. మీ లాయరు కోర్టులో నీ మొగుణ్ణి ముంచీసినాడు. కొట్టినోడు ఎర్రన్నొక్కడే, నరసింగరావు కాదని సెప్పినాడు."

"ఆ లాయర్ని పెట్టింది పెదనాయుడు గోరే."

"అందుకే సెప్తన్నాను."

రాజకుమారి మళ్ళీ నార అందుకుంది. "పెదనాయుడు గోరు జైలుకెళ్ళే ముందు మా వాకిట్లో నిలబడి మాటిచ్చినారు. మీ ఆయన నోరిప్పకపోతే సాలు, ఎల్లింది ఇద్దరం, వొచ్చీది ఇద్దరం అన్నారు. మా ఆయన అలాగే ఉన్నాడు. జడ్జీ గోరు అడిగినా తెల్దనే అన్నాడు. నువ్వు మా మజ్జిన పుల్లలెట్టడానికి వొచ్చినావు. ఎల్లమ్మా."

"ఏరు దాటినాక తెప్ప తగలేసీ రకం ఆడు. ఇద్దరొచ్చిన నాడు నన్ను సెప్పుతో కొట్టు," అని సుభద్రమ్మ వెనక్కి తిరిగింది.

అనూరాధ ఫోన్ చేసిన మధ్యాహ్నం సుభద్రమ్మ నువ్వుల చేలో ఉంది. నాలుగు ముక్కలు చెప్పడానికి ఆ పిల్ల నానా అవస్థా పడింది. ఎర్రన్న శిక్ష ఖాయం చేశారు. నరసింగరావుని వదిలేశారు. సందేహం ఉంది కాబట్టి ఆ లాభం ఆయనకి ఇచ్చారు.

"ఎవలికమ్మా సందేహం?" అంది సుభద్రమ్మ. "నాకు నేదే. ఆడికీ నేదే."

"సుప్రీంకోర్టుకి వెళ్దామండీ. మీకు ఆ హక్కుంది. కాగితాలు నేను తయారు చేస్తాను."

"అక్కడైనా నన్ను అడుగుతారేటి?"

"అక్కడా అడగరండీ," అంది అనూరాధ. ఆ పిల్లలో ఉన్న మంచి గుణం అదే, అబద్ధం చెప్పదు.

ఫోను కొంగున దోపుకుని సుభద్రమ్మ చేను మధ్యలో అలాగే నిలబడిపోయింది. ఎర్రన్న పేరు ఆ రోజు తన నోట అంత సులువుగా ఎందుకొచ్చింది? వాడు కంబారి కాబట్టి. వాణ్ణి ముసలమ్మ దగ్గర్నుంచి బడిపిల్ల దాకా ఊరందరూ "ఒరే ఎర్రన్నా" అనే పిలుస్తారు కాబట్టి. కూలోడి పేరు కాగితమెక్కి జైల్లో కూర్చుంది, నాయుడి పేరు ఆడదాని గొంతులో ఉండిపోయి నాయుణ్ణి ఇంటికి పంపించింది. చేసింది ఇద్దరూ, తేడా అల్లా పిలుపులో. ఊరి మర్యాదా, కోర్టు న్యాయమూ మాట్లాడుకుని చేసినా ఇంత చక్కగా కుదరదు. ఆవిడకి ఏడుపు రాలేదు. చేతికందిన నువ్వు మొక్కని వేళ్ళతో సహా పీకి గట్టు మీదికి విసిరేసింది, దాన్ని పీకి ఏం లాభం.

రెండు రోజుల తర్వాత నరసింగరావు వచ్చాడు. తిరుమలరావు ఊరి మొదట ఫ్లెక్సీ కట్టించాడు, న్యాయం గెలిచిందని దాని మీద రాయించాడు. డప్పులు పెట్టించాడు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ వీధిలోకొచ్చారు. కొందరు అభిమానంతో వచ్చారు, చాలామంది రాకపోతే పేరు గుర్తుపెట్టుకుంటాడన్న భయంతో వచ్చారు. సుభద్రమ్మ తమ ఇంటి అరుగు మీద కూర్చుంది. పక్కన నులక మంచం మీద కూర్మమ్మ. లోపలికి పోదామని కూర్మమ్మ అనలేదు.

జనంలో రాజకుమారి కనిపించింది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వి పూలు పెట్టుకుంది. వాళ్ళ దండెం మీద మగవాడి చొక్కా ఆరేసి ఉందని పొద్దున్న ఎవరో చెప్పుకుంటే సుభద్రమ్మ విన్నది. తీర్పు సంగతి ఊరందరికీ తెలుసు. రాజకుమారికీ చెప్పారు. నమ్మలేదట. కారులో ఇద్దరూ వస్తారని అందట.

కారు డప్పుల మధ్య నెమ్మదిగా వచ్చింది. పెద్దింటికి వెళ్ళాల్సిన కారు చిన్నింటి ముందు ఆగింది. నరసింగరావు దిగాడు. జైలు కూడు తిన్నా చిక్కలేదు, కాస్త తెల్లబడ్డాడు. అరుగుల మీదున్న కోడళ్ళందరూ అలవాటుగా లేచి పమిటలు తల మీదికి లాక్కున్నారు. సుభద్రమ్మ లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళోనే పెట్టుకుని, పిడికిళ్ళు బిగించింది.

నరసింగరావు తిన్నగా కూర్మమ్మ దగ్గరికొచ్చి కాళ్ళకి దండం పెట్టబోయాడు. "అప్పన్న దయ వల్ల బయటపడ్డాను పిన్నీ. పోయినోలు ఎలాగా పోయినారు. ఉన్నోలం కలిసుండాల గదా."

కూర్మమ్మ కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని చీర కిందకి లాక్కుంది. డెబ్బై దాటిన మనిషి, ఎవరు దండం పెట్టినా చెయ్యెత్తి దీవించడం తప్ప ఎరగనిది, ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. నరసింగరావు వంగినవాడు వంగినట్టే ఒక క్షణం ఉండి లేచాడు. డప్పులవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక వాయింపు తగ్గించారు.

రాజకుమారి అప్పటికే కారు చుట్టూ తిరిగింది. వెనక తలుపు తీసి లోపలికి వంగి చూసింది. ముందు సీటు చూసింది. డ్రైవరు వద్దంటున్నా తలుపు వెయ్యలేదు. అలా తెరిచే ఉంచి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నరసింగరావు," అంది. "నా మొగుడేడి?"

గట్టిగా కూడా అనలేదు. డప్పులు పూర్తిగా ఆగిపోయాయి. సుభద్రమ్మ ఆ పేరు అంటే పిచ్చిదనుకుంది ఊరు. కంబారి పెళ్ళాం అంటే ఏమనుకోవాలో ఊరికి ఇంకా తోచలేదు. స్వాగతం వీడియో తీస్తున్నవాళ్ళు ఫోన్లు దించడం మరిచిపోయారు.

తిరుమలరావు ముందుకొచ్చాడు. "ఒసే, ఎవలితో మాటాడతన్నావో తెలిసే అంటన్నావేటి? ఎర్రన్నకి ఇంకో కాగితం రావాల. వొస్తాడు. ఎల్లు."

"తెలిసే అంటన్నాను." రాజకుమారి అతని వంక చూడలేదు. చూపు నరసింగరావు ముఖం మీదే ఉంది. "ఆ యేల తెల్లారగట్ల మా వాకిట్లోకి వొచ్చినోడితో మాటాడతన్నాను. గోనెలో సుట్టిన కత్తి సంకనెట్టుకుని, నిద్దరోతన్నోణ్ణి లేపి, గునపం తెరా ఎర్రన్నా అన్నోడితో మాటాడతన్నాను. మా ఆయన అడిగినాడు, ఇంత పొద్దున్నే గునపం ఎందుకు బాబూ అని. నీకెందుకురా, రా అన్నాడు. పొయ్యి కాడ నుంచి నాను ఇన్నాను. ఇన్నాళ్ళూ నన్ను ఎవలూ అడగనేదు, నానూ సెప్పనేదు. ఎల్లింది ఇద్దరు. నువ్వొక్కడివే ఎలాగొచ్చినావు?"

నరసింగరావు తిరుమలరావు వంక చూశాడు. తిరుమలరావు జనం వంక చూశాడు. జనం ఎవరి కాళ్ళ వంక వాళ్ళు చూసుకున్నారు. ఏదో ఒకటి అనడానికి నరసింగరావు నోరు తెరిచి, ఇంతమంది ముందు కంబారి పెళ్ళానికి జవాబు చెప్పడం నామోషీ అనిపించి కాబోలు, మూసుకున్నాడు. కారు వైపు ఒక అడుగు వేశాడు. రాజకుమారి అడ్డం నిలబడింది.

సుభద్రమ్మ అరుగు దిగింది. ఆ మనిషి మొగుడు తన మరిదిని చంపాడు. ఆ సంగతి ఇవాళా మరిచిపోలేదు, రేపూ మరిచిపోదు. అయినా వెళ్ళి రాజకుమారి పక్కన, భుజానికి భుజం తగిలేట్టు నిలబడింది.

"సెప్పు," అంది. "అడుగుతన్నాది గదా. సెప్పు నరసింగరావూ."